పరుపుల ఏమండీ

మా ఊరి రేడియో స్టేషను తొలిరోజుల గురించి మాట్లాడమని నన్ను అప్పుడప్పుడు పిలుస్తుంటారు. ఆనాటివాళ్ళలో పిలిస్తే వచ్చేది నేనొక్కణ్ణే కాబట్టి తప్పించుకోలేను. వెళ్తాను, కుర్చీ వేస్తే కూర్చుంటాను, గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించిన సంగతి చెబుతాను. కుర్రకారు పడీపడీ నవ్వుతారు. ఇంకా చెప్పండి సార్ అంటారు. ఇంకేముంది, అంతే అని దిగిపోతాను. ఆ మిగతాది మైకు ముందు చెప్పేది కాదు.

స్టేషను అని గొప్పగా అనుకునేవాళ్ళం గానీ, టైర్ల షాపు మీద రెండు గదులు, నెత్తిన రేకుల కప్పు, అంతే దాని సౌభాగ్యం. గోడలకు గుడ్ల అట్టలు, తలుపుకు పాత దుప్పట్లు. కప్పుకు మాత్రం ఏమీ చేయలేకపోయాం. మా ఖర్మకొద్దీ ఆ ఏడు వానలు తొందరగా దిగాయి. చినుకు పడితే చాలు, లోపల ఎవరో శనగలు వేయిస్తున్నట్టు చప్పుడు. కింద టైర్లవాడు సుత్తి ఎత్తితే పైన మైకులో వినపడేది. రికార్డింగు పెట్టుకున్నప్పుడల్లా నేను మెట్ల మీద నుంచి వంగి "కాస్త ఆపండి మావయ్యా" అని బతిమాలుకునేవాణ్ణి. ఆయన సుత్తి దించి "కానీండి, మీ పాటలయ్యాక పిలవండి" అని బీడీ వెలిగించేవాడు.

నా పని టేపులు. రికార్డు చేయడం, బ్లేడుతో కోయడం, అతికించడం, వేళకు మిషను మీదికి ఎక్కించి బొత్తాం నొక్కడం. అది మా ఊరి మొదటి రేడియో స్టేషను. మా ఊళ్ళో షాపు పేరు, మా ఊరి మనిషి గొంతు పెట్టెలోంచి వినపడటం జనానికి అదే తొలిసారి. పాటల కన్నా ప్రకటనల కోసం చెవులు రిక్కించి వినేవాళ్ళంటే ఇప్పటివాళ్ళు నమ్మరు.

ఇంట్లో మేం ముగ్గురం. అన్నయ్య, వదిన, నేను. అన్నయ్య టౌను బస్సులో కండక్టరు. నాకు రేడియోలో ఉద్యోగం వచ్చిందని నాకంటే వాడే ఎక్కువ మురిసిపోయాడు. డ్రైవరు వెంటపడి మరీ బస్సులో ఒక సెట్టు బిగింపించాడు. బస్సు ఆ కొస నుంచి ఈ కొసకు తిరిగినంత సేపూ మా స్టేషనే మోగేది. చివరి స్టాపు దాటితే గరగర తప్ప ఏమీ వినపడేది కాదు. "మీ రేడియో కూడా మా బస్సు లాంటిదేరా, ఊరు దాటదు" అని నన్ను ఏడిపించేవాడు.

వదిన నోటి వెంట అన్నయ్య పేరు నేనెప్పుడూ వినలేదు. ఆమెకు ఆయన పేరు ఏమండీ. ఆ ఒక్క మాటతోనే కాపురం అంతా నడిపేది. నూనె అయిపోతే ఒక ఏమండీ. చుట్టాలొచ్చి వీధి గదిలో కూర్చుంటే గొంతు తగ్గించి ఒక ఏమండీ. కోపం వస్తే "ఏ" దగ్గరే తెగిపోయి, మిగతాది మనల్ని ఊహించుకోమనే ఏమండీ ఒకటి. పక్కగదిలో పడుకుని వింటే చాలు, ఇంట్లో ఏం జరుగుతోందో నాకు తెలిసిపోయేది.

ఒకరోజు పరుపుల షావుకారు స్టేషనుకు వచ్చాడు. ఆయనకో ప్రకటన కావాలి. రాసుకొచ్చింది కూడా ఆయనే. భార్య "ఏమండీ, నిద్రపోయారా?" అని అడుగుతుంది. మొగుడు ఆవులిస్తూ "ఈ పరుపు మీద పడుకున్నాక నిద్ర రాకేం చేస్తుందే" అంటాడు. తరవాత షాపు పేరు, వీధి పేరు. మొగుడి గొంతు మా అనౌన్సరుది. ఆయన్ని మేమంతా కంచు మాస్టారు అనేవాళ్ళం. లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, బట్టతల, ఉబ్బసం. గొంతు మాత్రం పాతికేళ్ళ పెళ్ళికొడుకుది. ఆయన్ని చూడని ఆడపిల్లలు ఆయనకు ఉత్తరాలు రాసేవారు. వాటికి ఆయన భార్య జవాబులు రాసేది.

భార్య గొంతుకు నాటకాల్లో వేసే ఒకావిడను మాట్లాడారు. వానకు తడిసి ఆవిడ గొంతు పోయింది. అదే సమయానికి వదిన నాకు కారియరు తెచ్చింది. మెట్ల కింద నిలబడి "మరిదీ, చల్లారిపోతోంది, దిగి తీసుకుపో" అని కేకేసింది. మేనేజరు కిటికీలోంచి తల పెట్టి చూశాడు.

"ఎవరయ్యా ఆవిడ?"

"మా వదినండీ."

"ఒక్క మాట అంటుందేమో అడుగు."

ఆమె మొదట ససేమిరా అంది. తరవాత చూస్తానంది. తరవాత లోపలికి వచ్చి గుడ్ల అట్టల్ని వేలితో నొక్కి చూసి, "ఇన్ని గుడ్లు ఎవరు తిన్నారు?" అని అడిగింది. మైకు ముందు కూర్చోబెడితే మాత్రం కొయ్యబారిపోయింది. ఏమండీ అంటుంది గానీ ఎవరో ఊరూ పేరూ లేనివాణ్ణి దారి అడిగినట్టు అంటుంది. షావుకారు నొసలు చిట్లించాడు.

"ఇంట్లో పిలిచినట్టు పిలువమ్మా" అన్నారు కంచు మాస్టారు.

"ఇంట్లో అయితే ఆయనుంటారు కదండీ. ఎదురుగా మనిషి లేకుండా ఏమండీ ఎలా వస్తుంది?" అంది.

సరిగ్గా అప్పుడు అన్నయ్య వచ్చాడు. భోజనాల వేళ బస్సు ఆపినప్పుడు వదినను ఇంటికి తీసుకుపోదామని వచ్చి, అద్దానికి అవతల నిలబడి తువ్వాలుతో తల తుడుచుకుంటున్నాడు. జుట్టంతా లేచి నిలబడి ఉంది. వదిన అటు చూసింది. ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వును లోపలే ఆపుకుంటూ "ఏమండీ... నిద్రపోయారా?" అంది.

నేను టేపు చక్రాలు ఆపలేదు. ఇంక ఆ మాటను మళ్ళీ చెప్పించాల్సిన పని లేదని గదిలో అందరికీ తెలిసిపోయింది. అన్నయ్యకు అద్దం అవతల ఏమీ వినపడదు. చేత్తో "ఏంటి?" అని అడిగాడు. అందరం ఫక్కున నవ్వాం. పిలిచి చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టి వినిపించాను. విన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. "నన్నే చూసి అందిరా" అని నాతో అన్నాడు, మేనేజరుతో అన్నాడు, కిందికి దిగి టైర్ల మావయ్యతో కూడా అన్నాడు.

ఆ ప్రకటన ఊరిని ఒక ఊపు ఊపింది. పరుపుల షాపు ముందు రిక్షాలు బారులు తీరాయి. మా వీధిలో ఆడవాళ్ళు నీళ్ళ దగ్గర వదినను చుట్టుముట్టి "ఏదీ, ఒక్కసారి అను" అనేవారు. ఆమె సిగ్గుపడి పారిపోయి వచ్చేది గానీ, ఇంట్లోకి వచ్చాక వంటింట్లో తనలో తను నవ్వుకునేది. వారం తిరక్కుండానే ఆమెకు పేరు పడిపోయింది, పరుపుల ఏమండీ అని. మేనేజరు పిలిచి పొద్దున్నపూట ఆడవాళ్ళ కార్యక్రమం చూసుకోమన్నాడు. అన్నయ్యే వెళ్ళమన్నాడు. ఆమెకు ఆ పని నచ్చింది. ఒకసారి నాతో అంది, "మరిదీ, మన ఇంట్లో ఏం మాట్లాడినా కుక్కరు చప్పుళ్ళో కలిసిపోతుంది. ఆ గదిలో కూర్చుంటే నా గొంతు నాకే వినపడుతుందోయ్. ఇది నా గొంతా అనిపిస్తుంది." ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖం చూసి నాకు చాలా సంతోషమేసింది. ఆ సంతోషం నిజం. తరవాత జరిగినదాన్ని బట్టి దాన్ని అబద్ధం చేయలేను.

బస్సులో మొదలైన సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ఒకరోజు డ్యూటీకి వెళ్తూ అన్నయ్య బస్సే ఎక్కాను. జనం కిక్కిరిసి ఉన్నారు. కిటికీలన్నీ మూసేసి తడిబట్టల వాసన. అన్నయ్య ముందు సీట్ల దగ్గర టికెట్లు కొడుతున్నాడు. వెనక నుంచి ఎవడో ఆడగొంతు పెట్టి, సాగదీసి, "ఏమండీ... నిద్రపోయారా? టికెట్టివ్వరా?" అన్నాడు. బస్సంతా ఘొల్లుమంది. ఇంకొకడు ఆవులించాడు. అచ్చం కంచు మాస్టారి ఆవులింత. అన్నయ్య తల తిప్పలేదు. చేతిలో పని ఆపలేదు. వెనక్కి వచ్చినప్పుడు ఎవరు అన్నారని కూడా అడగకుండా వరసగా టికెట్లు కొట్టుకుంటూ పోయాడు.

దిగేటప్పుడు మెట్టు మీద నా భుజం పట్టుకుని మెల్లగా అన్నాడు. "తిరక్కూడదురా. అదే కిటుకు. ఒక్కసారి తిరిగి చూశామనుకో, దొరికిపోయినట్టే. మొదట్లో తిరిగేవాణ్ణి. ఇప్పుడు అలవాటైపోయింది, చెవిలో పడ్డా మెడ కదలదు."

"ఆ మాట నిన్ను చూసే అంది కదా అన్నయ్యా. నీకు తెలుసు, నాకు తెలుసు."

"మనకు తెలిస్తే ఏం లాభంరా? బస్సెక్కేవాళ్ళకి తెలీదు కదా" అని విజిలు వేశాడు. బస్సు కదిలిపోయింది.

ఆ రోజుకు ఎన్నిసార్లు వేయాలో ఆ ప్రకటన అన్నిసార్లూ నేనే వేసేవాణ్ణి. బొత్తాం నొక్కిన ప్రతిసారీ, ఇప్పుడు బస్సు ఎక్కడుంటుంది, మార్కెట్టు దగ్గరా, కాలేజీ దగ్గరా అని లెక్క కట్టుకోవడం మొదలుపెట్టాను. కాలేజీ దగ్గర ఉంటుందనుకుంటే వేలు బొత్తాం మీదే ఆగేది. నొక్కకపోతే ఉద్యోగం ఊడుతుంది. నొక్కేవాణ్ణి.

ఒక ఆదివారం అన్నయ్య ఇంట్లోనే ఉన్నాడు. వీధి గదిలో కుర్చీలో కూర్చుని బూట్లకు పాలిష్ పెడుతున్నాడు. వదిన వంటింటి గుమ్మంలో నిలబడి "ఏమండీ, వడ్డించాను" అంది. అన్నయ్య తిరగలేదు. వినపడలేదేమోనని ఆమె మళ్ళీ పిలిచింది. భుజాలు బిగుసుకున్నాయి గానీ మెడ కదలలేదు. నాకు చప్పున బస్సు గుర్తొచ్చింది.

"మిమ్మల్నే" అంది వదిన, దగ్గరికి వచ్చి.

అన్నయ్య బూటు కింద పెట్టాడు. కోపం లేదు, అరుపు లేదు. అలిసిపోయిన మనిషిలా అన్నాడు. "అలా పిలవకు."

"మరేమని పిలవాలి?"

"ఏదో ఒకటి. అది తప్ప."

ఆమె వెళ్ళి కంచాల మీద మూతలు పెట్టింది. ఏదో ఒకటి అనడం తేలికే. ఆమెకు ఆ ఏదో ఒకటి దొరకలేదు. "ఇదిగో" అని చూసింది, అది నన్ను పిలిచినట్టుండేది. "చూడండి" అంటే పోస్టుమాన్‌ను పిలిచినట్టుండేది. పిల్లలుంటే మీ నాన్నను పిలువు అని గడిపేసేది. ఉన్నది నేనొక్కణ్ణే. "మీ అన్నయ్యను భోజనానికి రమ్మను." "మీ అన్నయ్యకు చొక్కా ఉతికానని చెప్పు." అన్నయ్య ఎదురుగానే ఉండేవాడు. నేను ఆ మాటను ఇటు నుంచి అందుకుని అటు అందించాలి. మొదట్లో నవ్వులాటగా ఉండేది, ముగ్గురం నవ్వేవాళ్ళం. పోనుపోను నేను ఇంట్లో లేనప్పుడు వాళ్ళిద్దరూ అసలు మాట్లాడుకోవడం లేదని నాకు అర్థమైంది. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి ఇద్దరి దగ్గరా నాకోసం మాటలు కుప్పపడి ఉండేవి. పోట్లాట అయితే సర్దిచెప్పవచ్చు. ఇది పోట్లాట కూడా కాదు. ఆమె మీద ఆయనకు కోపం లేదు, ఆయన మీద ఆమెకు లేదు. జరిగిందల్లా ఒక మాట పోవడం. అది పోయేసరికి దాని వెనకే మిగతావన్నీ పోయాయి. అప్పటికి ఒకటే నా భయం, ఈ వానలు వెలిసేలోగా వీళ్ళిద్దరూ మళ్ళీ మాట్లాడుకోకపోతే ఇంకెప్పటికీ మాట్లాడుకోరని.

"కార్యక్రమం మానేయమని చెప్పకూడదూ?" అని అన్నయ్యను అడిగాను.

"నేను మాన్పిస్తే వాళ్ళు కూసేదే నిజమవుతుందిరా. అయినా అదేం తప్పు చేసిందని మానాలి?" అన్నాడు.

వదిన ఒకరోజు కార్యక్రమం అయ్యాక నా గదిలోకి వచ్చింది. నేను టేపు అతికిస్తున్నాను. బల్ల అంచు మీద చెయ్యి ఆనించి నిలబడింది.

"మరిదీ, ఆ పరుపుల టేపులోంచి నా మాట ఒకటి తీసేయగలవా?"

"ఏ మాట?"

ఆమె ఆ మాట అనలేదు. "మొదటిది" అంది.

టేపు తీసి చేత్తో ముందుకీ వెనక్కీ తిప్పి ఆ మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో పట్టుకున్నాను. పెన్సిలుతో గీతలు పెట్టి బ్లేడుతో కోశాను. జానెడు ముక్క వచ్చింది. అంతే ఉంది అది. ఆమె దాన్ని వేలి మీద వేసుకుని, "ఇంతేనా" అంది.

ఆ మధ్యాహ్నం ప్రకటన "నిద్రపోయారా?" నుంచి మొదలైంది. సాయంత్రానికల్లా పరుపుల షావుకారు గొడుగుతో సహా మెట్లెక్కి వచ్చాడు. నీళ్ళు కారుతున్న గొడుగు నా టేపుల మీద పెట్టి "నా ఏమండీ ఎక్కడికి పోయిందయ్యా?" అని అరిచాడు. ఆఫీసులో ఉన్నవాళ్ళు నవ్వు ఆపుకోలేకపోయారు. నాకూ వచ్చింది, ఏం చేయను.

"అయ్యా, మా ఇంట్లో ఇబ్బందిగా ఉంది. మిగతా ప్రకటన అంతా అలాగే ఉంది కదండీ" అన్నాను.

"ఆ మాట తీసేస్తే మిగిలేది ఉత్త దూదేనయ్యా! దూది ఎవడి షాపులో లేదు?"

మేనేజరు చెడ్డవాడు కాదు. నన్ను పక్కకు పిలిచి, "వానాకాలం అయ్యేదాకా ఒప్పుకున్నాం. ఊరందరి నోట్లో నానుతున్న మాట మనమే తీసేస్తే రేపు మన దగ్గరికి ఎవడొస్తాడు? ఎలా తీశావో అలా అతికించు" అన్నాడు. అతికించాను. ఎంత జాగ్రత్తగా అతికించినా అతుకు దగ్గర చిన్న టిక్కుమనే చప్పుడు మిగిలింది. ఆ ఒక్క పూటా మాట వినపడకపోయేసరికి, మొగుడు చావగొట్టి మాన్పించాడట అని ఊళ్ళో ఒక కథ పుట్టింది. మర్నాడు బస్సులో ఆ కథ కూడా ఎక్కింది.

ఇదంతా కంచు మాస్టారి చెవిన పడింది. ఆయన గిలగిలలాడిపోయారు. "నా వయసేంటి, ఆ అమ్మాయి వయసేంటి. మా పెద్దదాని కన్నా చిన్నది. నన్నొకసారి మీ అన్నయ్య బస్సెక్కించు. ఈ బట్టతల, ఈ ఆయాసం కళ్ళారా చూస్తే జనం నోళ్ళు వాటంతటవే మూతపడతాయి" అన్నారు. నాకూ బాగానే ఉందనిపించింది. ఇద్దరం ఎక్కాం. సీటు లేదు. ఆయన కమ్మీ పట్టుకుని, ఆయాసపడుతూ, అన్నయ్య వైపు చెయ్యి చాచి, "మార్కెట్టు ఒకటి ఇవ్వు నాయనా" అన్నారు.

మనిషిని చూసి ఎవరూ గుర్తుపట్టలేదు. ఆ గొంతు వినగానే బస్సంతా ఒక్క క్షణం మూగబోయింది. తరవాత ఒకతను కిటికీ పక్క సీటులోంచి లేచి నిలబడి, "ఓరి నాయనో, అసలు మొగుడే ఎక్కాడు! కండక్టరూ, టికెట్టు కొట్టకయ్యా, మీ ఇంటి మనిషే కదా" అన్నాడు.

అన్నయ్య ఆ రోజు తిరిగాడు. టికెట్ల మిషను మెడలో వేలాడుతుండగానే వెళ్ళి అతని చెంప మీద కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. డ్రైవరు బస్సు పక్కకు ఆపేదాకా కొట్టాడు. నేను, మాస్టారు పట్టుకుని లాగాం. అతని పెదవి పగిలింది. మాస్టారు కింద కూలబడి ఊపిరి అందక ఎగపోస్తున్నారు. నెత్తి మీద రేడియోలో ఏదో పాట నడుస్తూనే ఉంది.

ప్రయాణికుడి మీద చేయి చేసుకున్నందుకు అన్నయ్యను బస్సు దింపేశారు. పాత మనిషి కదా అని ఉద్యోగం తీయలేదు, బస్టాండులో వేశారు. వెనక్కి వచ్చే బస్సులకు విజిలు ఊది దారి చూపించే పని. ఎండైనా వానైనా ఆవరణలో నిలబడాలి. బస్టాండులోనూ మనుషులే కదా ఉండేది. టీకొట్టు దగ్గర నుంచి, అరుగుల మీద నుంచి, బస్సు కిటికీల్లోంచి ఆ పిలుపు వస్తూనే ఉండేది. ఒక్కోసారి నిజంగా ఆడపిల్లలే అనేవారు. అన్నయ్య విజిలు నోట్లో పెట్టుకుని నిలబడేవాడు. ఆ చెంపదెబ్బ తరవాత వాడు తనకు తను గట్టిగా చెప్పుకున్నాడు, ఏం జరిగినా ఇంక తిరగకూడదని. నాతోనే అన్నాడు ఆ మాట.

వానలు ఇంక తగ్గుముఖం పడతాయనుకుంటున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం వదిన కారియరు సర్దుతూ "నేనూ వస్తాను" అంది. అప్పటిదాకా అన్నయ్యకు కారియరు నేనే తీసుకెళ్ళేవాణ్ణి. దారిలో గొడుగు కింద ఆమె ఏదో గొణుక్కుంటోంది. ఏంటి వదినా అంటే నవ్వి, "ఏం లేదు. ఇవాళ నీ చేత చెప్పించను. నేనే మాట్లాడతాను. ఏమని మొదలుపెట్టాలా అని చూసుకుంటున్నా" అంది. ఎన్నో రోజుల తరవాత ఆమె నవ్వడం అదే.

బస్టాండులో వాన జోరుగా పడుతోంది. అన్నయ్య మాకు వీపు పెట్టి, ఒక బస్సును వెనక్కి రమ్మని చేత్తో సైగ చేస్తూ విజిలు ఊదుతున్నాడు. నేను చూరు కిందికి వచ్చి గొడుగు మడుస్తున్నాను. తల ఎత్తేసరికి వదిన చూరు దాటి వానలోకి వెళ్ళి నిలబడి ఉంది. అన్నయ్యకు పక్కవైపు నుంచి ఇంకో బస్సు వెనక్కి వస్తోంది. దానికి దారి చూపించేవాళ్ళు ఎవరూ లేరు. దాని వెనక అద్దం నిండా నీళ్ళు.

"ఏమండీ!"

ఆ గొంతులో ఎంత బలం ఉందో మైకు ముందు ఎప్పుడూ తెలియలేదు. బస్టాండు మొత్తం వినపడింది. అరుగుల మీద ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. టీకొట్టు దగ్గరున్నవాళ్ళు తిరిగి చూశారు. టికెట్ల కిటికీలోంచి గుమస్తా తల బయటికి పెట్టి చూశాడు. ఎవరో నవ్వారు కూడా. తిరగనివాడు మా అన్నయ్య ఒక్కడే.

నేను అన్నయ్యా అని అరిచేసరికే బస్సు వాణ్ణి పడగొట్టి ఆగింది. డ్రైవరు దిగి ఏమైందని అడుగుతున్నాడు.

ఆస్పత్రిలో అన్నయ్య కాలు మోకాలి కింది నుంచి తీసేశారు. ప్రాణానికి భయం లేదని డాక్టరు చెప్పాక నాకు ఏడుపొచ్చింది. వదినకు రాలేదు. మంచం పక్కన ఇనుప స్టూలు మీద కూర్చుంది, తడిచీర ఒంటి మీదే ఆరిపోయింది. మేనేజరు వచ్చాడు. కంచు మాస్టారు వచ్చి, నోరు తెరిస్తే తన గొంతు వినపడుతుందేమోనని భయపడ్డట్టు, ఒక్క మాటా మాట్లాడకుండా కాసేపు నిలబడి వెళ్ళిపోయారు. షావుకారు ఒక పరుపు పంపించాడు. వదిన దాన్ని రిక్షా దింపనివ్వలేదు.

అన్నయ్యకు తెలివి వచ్చాక మొదట నన్ను చూశాడు, తరవాత ఆమెను.

"పిలిచావా?" అని అడిగాడు.

"పిలిచాను."

"వినపడింది." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "ఎవరో ఏడిపిస్తున్నారనుకున్నా. అచ్చం నీ గొంతులాగే ఉంది అని కూడా అనుకున్నా."

ఆమె దుప్పటి అంచు పట్టుకుని నలుపుతూ కూర్చుంది. నేను బయటికి వెళ్ళిపోదామనుకున్నాను.

అప్పుడు నర్సు వచ్చింది. చేతిలో మందుల ట్రే. పక్క మంచాల వాళ్ళ పేర్లు అడుగుతూ వచ్చి మా దగ్గర ఆగి, "పేషంటు పేరు?" అంది. అలాంటప్పుడు వదిన నా వైపు చూడటం, నేను చెప్పడం రివాజు. ఆమె నా వైపు చూడలేదు. తనే చెప్పింది. ఇంటిపేరుతో సహా, స్పష్టంగా, కార్యక్రమం మొదట్లో చెప్పినట్టు చెప్పింది. నర్సు వెళ్ళిపోయాక ఆ పేరుతోనే అన్నయ్యను పిలిచింది. నెమ్మదిగా, ఒకసారి. అన్నయ్య దిండు మీద తల తిప్పి చూశాడు.

వదిన మళ్ళీ స్టేషనుకు రాలేదు. మేనేజరు ఇంటికి వచ్చి అడిగాడు. "ఆ గదిలో నా గొంతు నాకు వినపడుతుందండీ. ఇప్పుడది వినలేను" అని చెప్పి పంపేసింది. ప్రకటన గడువు వానలతోపాటే అయిపోయింది. మరుసటి ఏడు షావుకారు ఇంకెవరి చేతో ఇంకేదో చెప్పించాడు. ఊరు దాన్నీ కొన్నాళ్ళు పలికింది, మరిచిపోయింది. ఇప్పుడెవర్నైనా అడిగితే పరుపుల ఏమండీ ఎవరో చెప్పలేరు.

వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటారు. నా అవసరం లేకుండా మాట్లాడుకుంటారు. ఆమె ఆయన్ని పేరు పెట్టే పిలుస్తుంది, ఎవరున్నా సరే. చుట్టాల్లో ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకుంటారు. కాలు పోయిన మొగుడంటే లోకువ అంటారు కొందరు. రేడియోలో పనిచేసి ఫ్యాషన్లు నేర్చింది అంటారు ఇంకొందరు. ఆమె వినీ విననట్టు ఊరుకుంటుంది.

అన్నయ్య మాత్రం పేరు సగంలో ఉండగానే తిరుగుతాడు. కాఫీ చల్లారుతోందని పిలిచినా, వాన వచ్చేలా ఉంది లోపలికి రమ్మని పిలిచినా, చేతిలో ఉన్నది వదిలేసి, కర్ర జారిపోతున్నా పట్టించుకోకుండా, ఉలిక్కిపడి తిరుగుతాడు.